పొంగిన చెరువు, తెగిన చెరువు

హైదరాబాద్‌లో పిల్లల్ని నెహ్రూ జూపార్కుకు తీసుకెళ్ళని తల్లిదండ్రులు దాదాపు ఉండరు. సఫారీ బస్సు ఎక్కిస్తాం, తెల్లపులి దగ్గర ఫొటో తీస్తాం, టాయ్ ట్రెయిన్‌లో ఒక చుట్టు తిప్పుతాం. ఆ జూకు ఆనుకునే రెండు వందల ఏళ్ళు దాటిన ఒక ఆనకట్ట ఉందని మాత్రం పిల్లలకు చెప్పం. ఆ ఆనకట్ట ఆపి ఉంచిన నీళ్ళే మీరాలం చెరువు.

2020 అక్టోబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. 13వ తేదీన ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. మీరాలం చెరువు నిండి పొర్లింది, సఫారీ పార్కులోకి నీళ్ళు వచ్చాయి, జూ కొన్నాళ్ళు మూతపడింది. అదే రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువుకు గండి పడింది. ఆ నీరు బెంగళూరు జాతీయ రహదారి మీదికి దూకి వాహనాలను ఈడ్చుకుపోయింది, ప్రాణాలు తీసింది. నాలుగు రోజుల తర్వాత బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి, కింద ఉన్న కాలనీలు రాత్రికి రాత్రి మునిగాయి.

మూడు చెరువులు, ఒకే నగరం, అవే వానలు. ఒకటి పొర్లి ఊరుకుంది, రెండు తెగాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం చెరువు కింద ఇల్లు ఉన్న ప్రతి కుటుంబానికీ అవసరమే. మన నగరాల్లో చెరువు కింద లేని కాలనీలు ఎన్ని ఉన్నాయి చెప్పండి?

ముందు, ఇలాంటి ఆనకట్ట ఎందుకు కడతారో చూద్దాం. హైదరాబాద్ దివానుగా పనిచేసిన మీర్ ఆలం ఈ చెరువును కట్టించారు. 1804లో పని మొదలై 1806లో పూర్తయింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చేదాకా, అంటే నూరేళ్ళకు పైగా, నగరానికి ఇదే ముఖ్యమైన తాగునీటి చెరువు. మనకు వానలు పడేది నాలుగు నెలలు, దాహం వేసేది పన్నెండు నెలలు. ఆ మధ్య ఖాళీని పూడ్చడానికే తాగునీటి ఆనకట్ట. కోస్తా డెల్టా ఊళ్ళలో మంచినీటి చెరువులు చేసేదీ ఇదే పని. వాటినే ప్రభుత్వ కాగితాల్లో సమ్మర్ స్టోరేజ్ ట్యాంకులంటారు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసే ముందు నింపుకుని, మళ్ళీ కాలువలకు నీళ్ళు వదిలేదాకా ఊరంతా వాటి మీదే బతుకుతుంది. నిల్వ ఉంచడంలో ఇంకో లాభం కూడా ఉంది. నీరు కదలకుండా ఉంటే బురద అడుగుకు దిగుతుంది, ఫిల్టర్ బెడ్ల మీద భారం తగ్గుతుంది.

ఎంత నీరు కావాలి? ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలున్న ఇంట్లో ఈ లెక్క వాళ్ళ చేతనే చేయించండి. ఊళ్ళో 5,000 మంది ఉన్నారనుకుందాం. జల్ జీవన్ మిషన్ ప్రకారం గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. అంటే ఊరికి రోజుకు 2,75,000 లీటర్లు. 90 రోజుల వేసవికి 2,47,50,000 లీటర్లు, ఘనపు మీటర్లలో చెబితే 24,750. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి, ఆరెకరాల చెరువులో మీటరు లోతు నీళ్ళుంటే సరిపోతాయని పిల్లలు టకటకా చెప్పేస్తారు. అప్పుడు అడగండి: ఎండకు ఆవిరైపోయే నీటి సంగతేంటి? మన వేసవిలో మూడు నెలలకు అర మీటరుకు పైగానే ఆవిరైపోతుంది. ఆరెకరాల్లో పరిస్తే ఆరెకరాల్లోనూ అర మీటరు పోతుంది. అదే నీటిని రెండెకరాల్లో లోతుగా నిలిపితే, ఎండ తగిలే మేర మూడో వంతే కాబట్టి నష్టం కూడా మూడో వంతే. అందుకే తాగునీటి చెరువు కట్టేవాళ్ళు వెడల్పు కన్నా లోతును కోరుకుంటారు. లోతు కావాలంటే కట్ట ఎత్తు పెంచాలి. ప్రమాదం కూడా అక్కడే మొదలవుతుంది.

నీటి పీడనం గురించి మీ పిల్లలు ఎనిమిదో తరగతిలో చదువుతారు. ప్లాస్టిక్ బాటిల్‌కు పైన, మధ్యలో, కింద మూడు రంధ్రాలు పెట్టి నీళ్ళు పోస్తే, కింది రంధ్రం నుంచి వచ్చే ధార అన్నిటికన్నా జోరుగా ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుంది, ఒక మీటరు లోతుకు చదరపు మీటరు మీద దాదాపు ఒక టన్ను. కట్ట ఈ తోపునంతా అడ్డుకోవాలి. 3 మీటర్ల నీరు నిలిస్తే కట్ట పొడవులో ప్రతి మీటరు మీదా నాలుగున్నర టన్నుల తోపు పడుతుంది. 6 మీటర్లకు అది 18 టన్నులు, 12 మీటర్లకు 72 టన్నులు. ఎత్తు రెట్టింపైన ప్రతిసారీ తోపు నాలుగింతలవుతుందన్నమాట. చెరువు ఎంత విశాలంగా ఉందన్నదానితో ఈ లెక్కకు పని లేదు. కట్ట దగ్గర నీటి లోతు ఎంత అన్నదే కట్టకు ముఖ్యం.

మీరాలం గోడ ఎత్తయిన చోట సుమారు 12 మీటర్లు ఉంటుంది. దాన్ని కట్టిన తీరు చూడముచ్చటగా ఉంటుంది. తిన్నని గోడ కాదది. అర్ధచంద్రాకారంలో 21 రాతి కమాన్లను పక్కపక్కనే నిలబెట్టారు, వంపు నీటి వైపు ఉండేలా. పురానాపూల్ వంతెన కమాన్లను పక్కకు పడుకోబెట్టి నీటికి ఎదురుగా పెట్టినట్టు ఊహించుకోండి. వంతెన కమాను పైనుంచి పడే బరువును స్తంభాలకు పంపుతుంది. ఇక్కడి కమాను ఎదురుగా వచ్చే నీటి తోపును రెండు పక్కలా ఉన్న దిమ్మెలకు పంపుతుంది. రాయిని లాగితే విరుగుతుంది కానీ నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది. కమానులో రాళ్ళు ఒకదాన్నొకటి నొక్కుకుంటూనే ఉంటాయి. ప్రపంచంలో ఇలా వరుస కమాన్లతో కట్టిన తొలి ఆనకట్టల్లో ఇదొకటని ఇంజనీరింగ్ చరిత్ర రాసినవాళ్ళు గుర్తించారు. వరద వచ్చి గోడ మీదుగా నీరు దూకిన సందర్భాలు ఉన్నాయని కూడా రాశారు. గోడ మాత్రం నిలిచింది. రాతి గోడ మీదుగా నీరు పోతే తడుస్తుంది, అంతే.

మట్టి కట్టకు అలా కుదరదు. మన చెరువుల్లో నూటికి తొంభైకి పైగా మట్టి కట్టలే. మట్టి కట్ట చెడ్డదేమీ కాదు. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల చెరువులు ఎనిమిది వందల ఏళ్ళుగా మట్టి కట్టల మీదే నిలిచాయి. మట్టి కట్ట తన బరువుతో నీటిని ఆపుతుంది. తోపును బాగానే తట్టుకుంటుంది. అయితే నీరు దాని తల మీదుగా ప్రవహించకూడదు. పైనుంచి పొర్లే నీరు వెనుక వాలును గోరినట్టు కోసుకుంటూ దిగుతుంది. మొదట చిన్న గాడి, గాడిలోకి ఎక్కువ నీరు, ఎక్కువ నీటికి ఇంకా లోతైన గాడి. కాసేపట్లోనే గండి. ఒకసారి గండి మొదలైతే ఇసుక బస్తాలతో ఆపడం దాదాపు అసాధ్యం.

అందుకే పెద్దలు ప్రతి చెరువుకూ అలుగు పెట్టారు. తెలంగాణలో మత్తడి అంటారు, కొన్నిచోట్ల కలుజు. కట్ట కన్నా తక్కువ ఎత్తులో, రాతితో కట్టిన దారి అది. చెరువు నిండగానే మిగులు నీరు కట్ట జోలికి రాకుండా అక్కడినుంచి పోతుంది. అలుగు పారుతుంటే పూర్వం ఊరంతా పండగలా చూడటానికి వెళ్ళేవారు. నిజానికి అలుగు పారడమే చెరువు క్షేమంగా ఉందనడానికి గుర్తు. భయపడాల్సింది అలుగు పారాల్సిన వేళ పారకపోతేనే. చేపలు కొట్టుకుపోకూడదని కొందరు అలుగుకు అడ్డంగా వలలు, కర్రలు కడతారు. ఇంకో అడుగు నీరు నిలవాలని ఇంకొందరు బస్తాలు పేరుస్తారు. నగరాల్లో అయితే అలుగు బాగానే ఉంటుంది, దాని కింది నాలా మీద గోడలు లేస్తాయి. మనం ప్లాటు కొనేటప్పుడు తూర్పు ఫేసింగా, పడమర ఫేసింగా అని వెయ్యిసార్లు అడుగుతాం. చెరువు అలుగు నీరు ఎటు పోతుందని ఒక్కసారి కూడా అడగం.

మన చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు అలుగు నీరే కింది చెరువుకు ఆధారం. మామూలు రోజుల్లో అది వరం. పై చెరువు తెగిన రోజున ఆ నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది, దాని అలుగు అంత నీటికి చాలదు, అదీ తెగుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో హైదరాబాద్ అతలాకుతలమైంది ఇలాగే. తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క తీస్తే, నగరానికి ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తేలింది. ఆయన సలహాతోనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరదను ఆపడం, తాగునీరు ఇవ్వడం, రెండు పనులూ చేసేలా.

ఇది పాతకాలపు ముచ్చట అనుకోవడానికి లేదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా దగ్గర కట్ట తెగి నీరు మీద పడింది, ప్రాజెక్టు గేట్లలో ఒకటి పనిచేయలేదు, గేట్లు పంపగలిగినదాని కన్నా వరద ఎక్కువగా వచ్చింది, నీరు మట్టి కట్ట మీదుగా పొర్లింది. దిగువ ఊళ్ళలో పదుల సంఖ్యలో జనం చనిపోయారు.

పైనుంచి వచ్చే ప్రమాదం కంటికి కనిపిస్తుంది. లోపలినుంచి వచ్చేది నిశ్శబ్దంగా వస్తుంది. ప్రతి మట్టి కట్టా కొద్దోగొప్పో ఊరుతుంది, అందులో కంగారు పడాల్సింది లేదు. ఊట నీరు తేటగా ఉండి, రోజూ అంతే వస్తుంటే కట్ట ఊపిరి తీస్తోందనుకోవచ్చు. ఆ నీరు బురద రంగులోకి మారితే మాత్రం కట్ట లోపలి మట్టి దానితో పాటు బయటికి వచ్చేస్తోందని అర్థం. లోపల సొరంగంలాంటి దారి ఏర్పడుతోంది. దాన్నే మనవాళ్ళు బుంగ పడటం అంటారు. ఎక్కువసార్లు తూము పక్కనే పడుతుంది, ఎందుకంటే మట్టికీ రాతికీ అతుకు అక్కడే. తుమ్మ చెట్టు ఎండిపోయి వేళ్ళు కుళ్ళిన చోట, ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు చేసిన చోట కూడా పడుతుంది. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలోని తివరే అనే చిన్న డ్యామ్ 2019 జులై 2 రాత్రి తెగి ఇరవై మంది వరకు చనిపోయినప్పుడు, ఎండ్రకాయల వల్లే తెగిందని అక్కడి మంత్రి ఒకరు అన్నారు. దేశమంతా నవ్వింది. ఎండ్రకాయలు కట్టకు బొరియలు చేస్తాయన్నది అబద్ధం కాదు. నీరు కారుతోందని ముందే చెప్పామని ఊరివాళ్ళు అన్నారు. విన్నవాళ్ళు ఏం చేశారన్నదే అడగాల్సిన ప్రశ్న.

మరి చిన్న కట్టల్ని ఎవరు చూస్తారు? పెద్దవాటికి చట్టం ఉంది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగినప్పుడు వార్తల్లో రోజూ వినిపించిన జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ, 2021 నాటి డ్యామ్ సేఫ్టీ చట్టం కింద ఏర్పడిందే. ఆ చట్టం 15 మీటర్లకు మించి ఎత్తున్న డ్యాములకు వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉంటే పొడవు, నిల్వ లాంటి కొన్ని షరతుల మీద వర్తిస్తుంది. వాటికి వానాకాలం ముందూ తర్వాతా తనిఖీ తప్పనిసరి, ప్రమాదం వస్తే ఏం చేయాలో రాసిపెట్టిన ప్రణాళిక తప్పనిసరి. 10 మీటర్ల లోపు కట్టలు ఆ గీతకు బయట ఉన్నాయి. మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు ఒక్క తెలంగాణలోనే లెక్కకు వచ్చిన చెరువులు 46,531. వాటిలో అత్యధికం ఈ చిన్నవే. వాటిని చూడాల్సింది నీటిపారుదల శాఖ, పంచాయతీ, మున్సిపాలిటీ. కాగితం మీద బాధ్యత ఉంది, రోజూ కట్ట మీద నడిచే మనిషి లేడు.

ఒకప్పుడు ఉండేవాడు. తెలంగాణలో నీరడి, రాయలసీమలో నీరుగంటి. తూము ఎత్తడం దించడం, కట్ట మీద తిరిగి ఎక్కడ మట్టి జారిందో, ఎక్కడ తడి ఊరిందో చూడటం అతని పని. కట్ట మీద మైసమ్మ గుడి ఉండటం కూడా ఊరికే కాదేమోననిపిస్తుంది. బోనాలకో, మొక్కుకో ఊరంతా కట్ట మీదుగా నడిచి వెళితే, కట్ట ఎలా ఉందో పది మంది కళ్ళబడుతుంది.

ఇప్పుడు ఆ కళ్ళు మీవే కావాలి. జూన్ రాకముందే ఒక ఆదివారం ఉదయం మీ కాలనీకి ఎగువన ఏ చెరువు ఉందో కనుక్కోండి. హెచ్‌ఎండీఏ పరిధిలో ఉంటే చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. నీళ్ళు లేని వైపునుంచి కట్టను చూడండి. పాదం దగ్గర కొత్తగా తడి, ఒకచోట గడ్డి మరీ పచ్చగా ఉండటం, కట్ట పైన పొడవునా చీలిక, వాలు కిందికి జారడం, అలుగుకు అడ్డంగా ఏదైనా ఉండటం, ఇవి ఫొటో తీయదగ్గ విషయాలు. ఫొటోతో పాటు తేదీ, చోటు రాసి మున్సిపల్ ఆఫీసులోనో, నీటిపారుదల శాఖ ఏఈకో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఫోన్లో చెప్పింది మరుగున పడుతుంది, కాగితం ఫైల్లో ఉంటుంది. కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్ పేరు మీద ఇస్తే ఇంకా మంచిది. బురద నీరు బుగ్గలా ఎగజిమ్ముతుంటే మాత్రం కాగితాల కోసం ఆగకుండా 112కు ఫోన్ చేసి, కట్ట కింద ఉన్న ఇళ్ళవాళ్ళను అప్రమత్తం చేయండి.

కట్ట తెగిందని తెలిస్తే ఎటు పరుగెత్తాలన్నది ఇంట్లో ముందే అనుకోవాలి. గండి నీరు నాలా దారి పట్టుకుని కిందికి వస్తుంది. నాలా వెంబడి కిందికి పోతే దాని ముందు పరుగెత్తినట్టే. నాలాకు అడ్డంగా, పక్కకు, ఎత్తుకు పోవాలి. ఆ వేళలేకపోతే గట్టి భవనం పై అంతస్తుకు ఎక్కాలి. కారు తీయకండి. పారే నీరు రెండడుగులు ఉంటే చాలు, మామూలు కారును తేలుస్తుంది.

ఇక పిల్లలు. కట్టలు తెగడం ఎప్పుడో గానీ జరగదు. చెరువుల్లో పిల్లలు మునగడం మన రెండు రాష్ట్రాల్లో ప్రతి వేసవిలో జరుగుతోంది, ముఖ్యంగా సెలవులకు అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు. నగరంలో స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్చుకున్న పిల్లలకు చెరువు మోసం చేస్తుంది. పూల్ అడుగు సమానంగా ఉంటుంది. చెరువు అడుగున పూడిక కోసం, ఇటుకల కోసం మట్టి తవ్విన గుంతలుంటాయి. మోకాలి లోతులో నడుస్తున్నవాడు మరుసటి అడుగుకు నిండా మునుగుతాడు. మెట్ల మీద పాచి ఉంటుంది. తూము తెరిచి ఉంటే దాని దగ్గర నీరు పైకి ప్రశాంతంగానే కనిపిస్తుంది, లోపల లాగుతుంది. కాబట్టి తూము దగ్గర ఈత అసలే వద్దు. నీటి మీద నుంచి బంతి తేవడానికి దిగడం కూడా వద్దు.

ఒకరు మునుగుతుంటే పక్కనున్న స్నేహితుడు దూకడం, ఇద్దరూ పోవడం, ఈ వార్త మనం ఎన్నిసార్లు చదవలేదు? దూకకుండా ఏం చేయాలో పిల్లలకు చేసి చూపించండి. గట్టిగా అరవాలి. గట్టు మీద పడుకుని చున్నీ, తాడు, పొడవాటి కర్ర ఏది దొరికితే అది అందించాలి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాన్ విసిరితే పట్టుకుని తేలవచ్చు. ఇంట్లో ఉన్న 20 లీటర్ల క్యాన్‌ను బకెట్ నీళ్ళలో ముంచమనండి, ఎంత బలం పెట్టినా అది పైకే వస్తుంది.